ఆడ గుర్రం చూలు కట్టడం లేదా? గర్భసంచి వాపును గుర్తించడం నుంచి మళ్లీ దాటించేదాకా దశలవారీ గైడ్

"మూడుసార్లు దాటించాం, నిలవలేదు. ఏ ఇంజెక్షన్ వేయిస్తే నిలుస్తుంది?" బరాత్ గుర్రాలు పెట్టుకున్నవాళ్లు, రైడింగ్ స్కూల్ వాళ్లు, మార్వాడీ గుర్రం మీద మోజుతో రెండు మూడు తెచ్చుకున్న రైతులు, అందరూ అడిగేది ఇదే. ఇంజెక్షన్ పేరు చెప్పడం సులువే. కానీ అది పనిచేయాలంటే ముందు జరగాల్సిన పనులు చాలా ఉన్నాయి.

ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా తేలిక. దాటించిన ప్రతిసారీ ఆడ గుర్రం గర్భసంచి వాస్తుంది. అది రోగం కాదు. వీర్యంతో పాటు మురికి, సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. వాటిని చంపడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి. ఆ తర్వాత గర్భసంచి ముడుచుకుంటూ ఆ చెత్తనంతా బయటికి నెట్టేస్తుంది. మంచి గుర్రంలో ఇదంతా ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది.

కొన్ని గుర్రాల్లో నెట్టే పని సరిగా జరగదు, ద్రవం లోపలే నిలిచిపోతుంది. పిండం 5–6 రోజులకు గర్భసంచిలోకి దిగేసరికి అక్కడ చీమునీళ్లు ఉంటే ఇక బతకదు. అందుకే "ఏ క్రిమి పట్టింది?" అని అడిగే ముందు "నీళ్లు ఎందుకు బయటికి పోలేదు?" అని అడగాలి. ఈ గైడ్ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో మాట. "జ్వరం లేదు, మేత బాగా తింటోంది, కాబట్టి గర్భసంచికి ఏమీ లేదు" అనుకోకండి. ఈ వాపులో గుర్రానికి జ్వరం రాదు, మేత తగ్గదు. చూలు నిలవకపోవడం తప్ప చాలాసార్లు ఇంకే లక్షణమూ కనిపించదు.

కింద రాసిన మందుల మోతాదులు మీరు సొంతంగా వేయడానికి కాదు. డాక్టర్ ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో మీకు తెలియడానికి.

1. ముందు నోట్‌బుక్ తెరవండి

గుర్రం ఎద చక్రం సుమారు 21 రోజులు. అందులో ఎద 5–7 రోజులు ఉంటుంది. ఎద ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు అండం విడుదలవుతుంది.

గేదెకు తీగలు వేలాడినట్టు గుర్రానికి వేలాడవు. తోక ఎత్తడం, కాళ్లు ఎడంగా పెట్టి కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం (యోని బయటి ద్వారం) తెరుస్తూ మూస్తూ ఉండడం ఎద గుర్తులు. మగగుర్రం దగ్గర లేకపోతే ఇవి కూడా బయటపడకపోవచ్చు. ఒంటరి గుర్రం "ఎదకే రావడం లేదు" అని చెప్పే ముందు, మధ్యలో గట్టి అడ్డుకర్ర ఉంచి మగగుర్రాన్ని దాని ముందుకు తెచ్చి చూడండి.

రాసుకోవాల్సినవి:

- వయసు, ఎన్ని ఈతలు, చివరి ఈత తేదీ
- ఈనినప్పుడు కష్టమైందా, మావి ఎన్ని గంటలకు పడింది
- ఎదకు వచ్చిన, దాటించిన తేదీలన్నీ
- దాటించాక ఎన్నో రోజున తిరిగి ఎదకు వచ్చింది
- తోక కింద, తొడల లోపలి వైపు అట్టకట్టిన తెల్లటి మరకలు ఉన్నాయా
- ఇంతకుముందు లోపల ఏ మందు పోశారు, ఎప్పుడు

నాలుగోది చాలా ముఖ్యం. 21 రోజులకు బదులు రెండు వారాలకే ఎదకు వస్తే గర్భసంచి వాపును అనుమానించాలి. వాచిన గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాన్ని ముందే వదిలి చక్రాన్ని కుదించేస్తుంది. యజమాని మాత్రం "తొందరగా ఎదకొచ్చింది" అని సంతోషిస్తుంటాడు!

2. గర్భసంచి జోలికి వెళ్లేముందు

ఈ నాలుగూ తేలకుండా గర్భసంచి మీద డబ్బు పెట్టొద్దు.

- మగగుర్రం: అదే మగగుర్రం దాటిన మిగతా గుర్రాలు కట్టాయా? లేకపోతే ముందు దాన్ని పరీక్ష చేయించండి.
- సమయం: ఎద మొదటి రోజు ఒక్కసారి దాటించి వదిలేశారా? అండం విడుదలకు ముందు 48 గంటల లోపు దాటించడం సరైన పద్ధతి.
- ఒళ్లు: పక్కటెముకలు కంటికి కనిపించకూడదు, చేత్తో తడిమితే తగలాలి. బక్కచిక్కిన గుర్రానికి ఇంకో చిక్కుంది, మూడో దశలో చెబుతాను.
- రక్తపరీక్ష: మగగుర్రం దగ్గరికి తీసుకెళ్లే ముందు గ్లాండర్స్, ఇన్ఫెక్షియస్ ఎనీమియా అనే అంటురోగాల పరీక్షలు రెండు వైపులా జరగాలి. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీస్తుంది. ఈ పరీక్షల్లో దేశానికి పెద్దదిక్కు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. నమూనా పంపే దారి మీ పశువైద్యశాలలో అడగండి.

3. వెనక నిలబడి చూడండి

ఖర్చు లేని పరీక్ష ఇది. యజమానులు ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

బయటి మురికికి, గర్భసంచికి మధ్య మూడు తలుపులు ఉంటాయి. మొదటిది మానం పెదవులు, రెండోది యోని లోపలి మడత, మూడోది గర్భసంచి ముఖద్వారం, అంటే సర్విక్స్. మొదటి తలుపు సరిగా మూసుకోకపోతే గాలి లోపలికి పోతుంది, గాలితో పాటు లద్దె కూడా పోతుంది. అప్పుడు ఎంత మందు పోసినా వారంలో కథ మొదటికే వస్తుంది.

చూసే పద్ధతి:

1. గుర్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టండి. తెలిసిన మనిషి ముందు పట్టుకోవాలి. మీరు పక్కగా నిలబడండి, సరిగ్గా వెనక వద్దు.
2. తోకను పక్కకు పట్టుకుని చూడండి. మానం నిలువుగా ఉండాలి. పైభాగం ముందుకు వాలి, మలద్వారం లోపలికి పీక్కుపోయి ఉంటే లద్దె నేరుగా మానం మీదే పడుతుంది.
3. మానం పక్కన వేలితో నొక్కితే కటి ఎముక అంచు తగులుతుంది. మానం పొడవులో కనీసం మూడింట రెండు వంతులు ఆ ఎముక కంటే కిందికి ఉండాలి. ఎక్కువ భాగం పైకి ఉంటే మొదటి తలుపు తెరిచి ఉన్నట్టే.
4. రెండు పెదవులను మెల్లగా విడదీయండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తే రెండో తలుపూ బలహీనంగా ఉంది.
5. నడిపించండి, కాస్త పరుగు పెట్టించండి. అడుగడుక్కీ వెనక నుంచి గాలి చప్పుడు వస్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

బక్కచిక్కిన గుర్రం చిక్కు ఇక్కడే. కొవ్వు కరిగేసరికి మలద్వారం లోపలికి పోతుంది, మానం వాలుతుంది. నాలుగు ఈతలు దాటిన ముసలి గుర్రాల్లోనూ ఇదే కనిపిస్తుంది. మొదటి దానికి రెండు మూడు నెలలు మంచి మేత పెడితే సగం సర్దుకుంటుంది. రెండో దానికి కుట్టు కావాలి. దాని సంగతి తొమ్మిదో దశలో.

రేసుల నుంచి రిటైరైన గుర్రాన్ని కొన్నారా? పరుగులో గాలి పోకుండా చాలా రేసు గుర్రాలకు మానం పైభాగం ముందే కుట్టేసి ఉంటారు. మలక్‌పేట నుంచి వచ్చినా, బెంగళూరు నుంచి వచ్చినా ముందు ఆ కుట్టు ఉందేమో చూడండి. ఉంటే దాటించే ముందు డాక్టర్ చేత విప్పించాలి. లేకపోతే చిరిగిపోతుంది.

4. పరీక్షల రోజు: ఏర్పాట్లు, వరుస

పరీక్ష ఎద మొదట్లో పెట్టుకోండి. అప్పుడు సర్విక్స్ తెరుచుకుని ఉంటుంది, గర్భసంచికి తనను తాను శుభ్రం చేసుకునే శక్తి కూడా ఎక్కువ.

మీరు సిద్ధం చేయాల్సినవి:

- ట్రావిస్, అంటే గుర్రాన్ని కదలకుండా నిలబెట్టే చట్రం. లేకపోతే గట్టి తలుపు పక్కన నిలబెట్టే ఏర్పాటు
- నీడ, చదునైన నేల, రెండు బకెట్ల శుభ్రమైన నీళ్లు
- తోకకు చుట్టడానికి బ్యాండేజీ గుడ్డ
- దూది లేదా పేపర్ టవల్, ఘాటు లేని సబ్బు
- మీ నోట్‌బుక్

మానం చుట్టూ కనీసం మూడుసార్లు కడగాలి. ఒకసారి తుడిచిన దూదిని మళ్లీ నీళ్లలో ముంచొద్దు, పారేయండి. చివర్లో పొడిగా తుడవండి.

డాక్టర్ పాటించాల్సిన వరుస ఇది:

1. చూలు లేదని తేల్చుకోవడం. "మళ్లీ ఎదకు వచ్చింది" అన్న యజమాని మాట నమ్మి గర్భసంచిలోకి గొట్టం పెట్టి, ఉన్న చూలు పోగొట్టిన సందర్భాలున్నాయి. స్కానింగ్ తర్వాతే మిగతావి.
2. స్కానింగ్. లోపల ద్రవం ఉందా, లోతెంత, నల్లగా స్వచ్ఛంగా ఉందా లేక మసకగా రేణువులతో ఉందా చూస్తారు. ఎదలో కాస్త తేమ మామూలే. 2 సెంటీమీటర్లు దాటితే సమస్య.
3. స్పెక్యులమ్‌తో, అంటే యోనిని తెరిచి చూసే పరికరంతో చూడడం. సర్విక్స్ ఎర్రగా ఉందా, చిరిగిందా, యోనిలో మూత్రం నిలిచిందా తెలుస్తుంది.
4. స్వాబ్, సైటాలజీ. రెండు తొడుగులున్న స్వాబ్‌తో గర్భసంచి లోపలి నుంచే నమూనా తీయాలి. తొడుగు లేని మామూలు స్వాబ్ దారిలో ఉన్న క్రిములను కూడా అంటించుకుని వస్తుంది.
5. బయాప్సీ, అంటే గర్భసంచి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. అందరికీ అక్కర్లేదు. ముసలి గుర్రం, రెండు సీజన్లు ఖాళీగా పోయిన గుర్రం, ఎక్కువ ధర పెట్టి కొనబోతున్న గుర్రం అయితే చేయించండి.

నాలుగో దాంట్లో జరిగే పొరపాటు గురించి కాస్త చెప్పాలి. చాలామంది కల్చర్, అంటే నమూనాలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, ఒక్కటే పంపుతారు. రిపోర్టులో ఏదో క్రిమి పేరు రాగానే యాంటిబయాటిక్ మొదలవుతుంది. సైటాలజీ అంటే గాజు పలక మీద పూసిన స్రావంలో తెల్లకణాలను లెక్కించడం. మైక్రోస్కోప్ హైపవర్‌లో ఒక్కో ఫీల్డుకు రెండుకు మించి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కనిపిస్తే వాపు ఉన్నట్టు. క్రిమి పెరిగింది కానీ తెల్లకణాలు లేవంటే, చాలావరకు అది నమూనా తీసేటప్పుడు అంటుకున్న మురికే. తెల్లకణాలు ఉన్నాయి కానీ క్రిమి పెరగలేదంటే, క్రిమి లోతుగా దాగి ఉండొచ్చు లేదా వాపు నిల్వ ద్రవం వల్లే కావచ్చు. అప్పుడు కొద్దిపాటి సెలైన్ లోపలికి పోసి, వెనక్కి తీసి, ఆ నీటిని ల్యాబ్‌కు పంపాలి. దాగి ఉన్న క్రిములను పట్టడంలో ఈ పద్ధతి స్వాబ్ కన్నా మెరుగు.

యాంటిబయాటిక్ వాడుతుండగా కల్చర్‌కు పంపితే డబ్బు దండగ. మందు ఆపి తర్వాతి ఎదలో తీయించండి.

5. రిపోర్టు చేతికొచ్చాక: ఇది ఏ రకం?

దాటించాక నిలిచే వాపు. దాటించక ముందు శుభ్రంగా ఉంటుంది. దాటించిన రెండో రోజు స్కానింగ్‌లో ద్రవం. ముసలి గుర్రాల్లో ఇదే ఎక్కువ. గర్భసంచి కిందికి జారి కటి ఎముక ముందు సంచిలా వేలాడుతుంది, కాబట్టి నీళ్లు పైకెక్కి బయటికి రాలేవు. పన్నెండేళ్లు దాటాక మొదటిసారి దాటించే గుర్రాల్లో ఇంకో తంటా ఉంది. సర్విక్స్ బిగుసుకుపోయి ఎదలో కూడా తెరుచుకోదు.

క్రిముల వాపు. ఎక్కువగా కనిపించేవి స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్, ఈ కోలి. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వస్తే జాగ్రత్త. అవి మగగుర్రం ద్వారా ఒకదాని నుంచి ఒకదానికి పాకవచ్చు. ఆ రిపోర్టు వచ్చిన రోజే దాటించడం ఆపి మగగుర్రాన్నీ పరీక్ష చేయించాలి.

బూజు వాపు. కాండిడా, ఆస్పర్జిల్లస్ వంటివి. నెలల తరబడి యాంటిబయాటిక్‌లు పోసిన గుర్రంలో, గాలి పీల్చే గుర్రంలో ఎక్కువ.

గర్భసంచి పొర పాడైపోవడం. ఇది బయాప్సీలోనే తెలుస్తుంది. ఫలితాన్ని 1, 2ఏ, 2బి, 3 అని నాలుగు గ్రేడులుగా ఇస్తారు. గ్రేడు 1 అయితే పిల్లను ఈనే అవకాశం 80–90 శాతం. గ్రేడు 3 అయితే 10 శాతం దరిదాపుల్లో. మచ్చకట్టిన పొరను ఏ మందూ కొత్తగా చేయలేదు.

ఒకే గుర్రంలో రెండు మూడు రకాలు కలిసి ఉండడం మామూలే.

6. శుభ్రం చేయడం

చికిత్స వరుస ఎప్పుడూ ఇదే: కడగడం, నెట్టించడం, ఆ తర్వాతే మందు. చీమునీళ్లలో పోసిన యాంటిబయాటిక్ సరిగా పనిచేయదు.

కడగడానికి రింగర్ లాక్టేట్ లేదా సెలైన్ వాడతారు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు. సీసాలను వేడినీళ్ల బకెట్‌లో ఉంచి ఒంటి వేడికి తేవాలి. మోచేతి లోపలి వైపు వేసుకుంటే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు.

1. కఫ్ (గాలి ఊదితే ఉబ్బే బుడగ) ఉన్న పెద్ద క్యాథెటర్‌ను సర్విక్స్ దాటించి, కఫ్ ఊది, వెనక్కి జారకుండా ఆనిస్తారు.
2. ఒక విడతకు లీటరు. లోపలికి పోసినదెంత, బయటికి వచ్చిందెంత కొలవాలి. పారదర్శకమైన బకెట్ లేదా జగ్గు ఉంచండి.
3. వచ్చిన నీటి రంగు రాయండి: పాలలా ఉందా, మసకా, జిగురు తీగలతోనా, తేటగానా.
4. తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. రెండు మూడు లీటర్లు మామూలుగా పడుతుంది.
5. చివర్లో స్కానింగ్. మిగిలిన ద్రవం బయటికి పోవడానికి ఆక్సిటోసిన్ 10–20 యూనిట్లు.

ఎక్కువ ఆక్సిటోసిన్ ఇస్తే ఎక్కువ పనిచేయదు. గర్భసంచి అలలు అలలుగా ముడుచుకోవాల్సింది పోయి బిగుసుకుపోతుంది, గుర్రం కడుపునొప్పితో దొర్లుతుంది. చిన్న మోతాదు, 4–6 గంటల తేడాతో మళ్లీ. పాలు చేపడానికి కొందరు దొంగచాటుగా అమ్మే లేబుల్ లేని సీసాల జోలికి అసలు పోవద్దు. అందులో ఎంత బలం ఉందో అమ్మేవాడికే తెలియదు.

ఇక ఖర్చు లేని మందు నడక. ఇరవై నాలుగు గంటలూ లాయంలో కట్టేసిన గుర్రానికి ద్రవం నిలవడం ఎక్కువ. కడిగాక కట్టేయకండి. అరగంట నడిపించండి, వీలైతే దొడ్లో వదలండి.

7. మందులు: ఏవి, ఎన్నాళ్లు, ఏవి వద్దు

కల్చర్ చెప్పిన యాంటిబయాటిక్‌ను ఎదలో ఉండగా రోజుకొకసారి, 3 నుంచి 5 రోజులు గర్భసంచిలోకి ఇస్తారు. స్ట్రెప్టోకాకస్‌కు పెన్సిలిన్ ఇప్పటికీ మంచి మందే. ఎదలో లేకపోతే, అండం విడుదలై 5 రోజులు దాటాక ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్‌తో ఎదకు తెప్పించవచ్చు. చికిత్స ముగిశాక వెంటనే దాటించొద్దు. తర్వాతి ఎదలో మళ్లీ స్వాబ్, సైటాలజీ శుభ్రంగా వస్తేనే దాటించాలి.

సూడోమోనాస్ వంటి క్రిములు చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. ఆ పొరను విడగొట్టే ట్రిస్-ఈడీటీఏ వంటి ద్రావణాలతో ముందు కడిగి, తర్వాత యాంటిబయాటిక్ ఇస్తారు. బూజుకు యాంటిబయాటిక్ పనికిరాదు సరికదా, ఇంకా పెంచుతుంది. దానికి బూజు మందే కావాలి, ఓపికా కావాలి.

గర్భసంచిలో పోయకూడనివి:

- ఎన్రోఫ్లాక్సాసిన్ ఇంజెక్షన్ మందు. పొరను కాల్చినట్టు పుండు చేస్తుంది, మచ్చ కడుతుంది.
- చిక్కటి అయోడిన్, లూగోల్స్ అనే అయోడిన్ ద్రావణం. అయోడిన్ వాడాల్సి వస్తే డాక్టర్ పలుచటి టీ డికాక్షన్ రంగుకు కలుపుతారు, అంతకు మించి కాదు.
- క్లోర్‌హెక్సిడిన్. గుర్రం గర్భసంచి దీనికి ఓర్చుకోదు.
- జెంటామైసిన్ నేరుగా. ఆమ్ల గుణం వల్ల ఒరిపిడి పెడుతుంది. సోడియం బైకార్బొనేట్ కలిపి ఆమ్లం తగ్గించాకే పోయాలి.
- గేదెలకు పెట్టే గర్భసంచి మాత్రలు.

ఓసారి నా దగ్గరికి పదకొండేళ్ల గుర్రం వచ్చింది. "గేదెకు బాగా పనిచేసింది" అని ఎవరో చెబితే లూగోల్స్ పోయించారు, అదీ మూడు రోజులు వరుసగా. స్పెక్యులమ్ పెట్టి చూస్తే సర్విక్స్ పెదవులు అతుక్కుపోయి ఉన్నాయి. రెండు పూటలా వేలితో విడదీస్తూ, ఆయింట్‌మెంట్ పూస్తూ నెల రోజులు తంటాలు పడ్డాం. దారి కాస్త తెరుచుకుంది కానీ చూలు నిలవలేదు. అసలు వచ్చిన రోగం చిన్నదే, కడిగి రెండు రోజులు ఆక్సిటోసిన్ ఇస్తే పోయేది.

8. మళ్లీ దాటించే రోజు టైమ్‌టేబుల్

ద్రవం నిలిచే గుర్రానికి సూత్రం ఒక్కటే. ఎదలో ఒక్కసారే దాటించాలి, అదీ సరైన సమయంలో. రోజు విడిచి రోజు మూడుసార్లు దాటిస్తే మూడుసార్లు మురికి పోసినట్టు. దానికోసం స్కానింగ్ తప్పదు. స్కానింగ్ ఖర్చుకు వెనకాడేవాళ్లు మగగుర్రం ఫీజు, రవాణా ఖర్చు ఒకసారి కూడి చూసుకోండి.

దాటించడానికి ముందు రోజు, ఉదయం 8: స్కానింగ్. అండం ఉన్న బుడగ 35 మిల్లీమీటర్లు దాటి, గర్భసంచి పొర ఎదలో మామూలుగా వచ్చే ఉబ్బుతో మెత్తగా కనిపిస్తే హెచ్‌సీజీ ఇంజెక్షన్. సుమారు 36–48 గంటల్లో అండం విడుదలవుతుంది. లోపల ఇప్పటికే ద్రవం ఉంటే ఇవాళే కడగాలి.

దాటించే రోజు, ఉదయం 8: తోకకు చుట్టు, మానం కడగడం, పొడిగా తుడవడం. మగగుర్రం అంగాన్నీ గోరువెచ్చని మామూలు నీళ్లతో కడగాలి, సబ్బు వద్దు. ఒక్కసారి దాటించాలి.

మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య: స్కానింగ్, కడగడం, ఆక్సిటోసిన్. "కడిగితే వీర్యం పోదా?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. పోదు. అవసరమైన వీర్యకణాలు 4 గంటల్లోపే అండనాళంలోకి చేరిపోతాయి. అందుకే 4 గంటల కంటే ముందు కడగకూడదు.

రాత్రి 8: ఆక్సిటోసిన్, పావుగంట నడక. డాక్టర్ రాలేకపోతే ఈ ఇంజెక్షన్ ఎవరు వేయాలో పగలే మాట్లాడుకోండి.

మర్నాడు ఉదయం 8: స్కానింగ్. అండం విడుదలైందా? ద్రవం ఉందా? ఉంటే మళ్లీ కడగడం, ఆక్సిటోసిన్.

మూడో రోజు ఉదయం: ఇంకోసారి స్కానింగ్. అండం విడుదలై మూడు రోజులు దాటాక లోపల ఏమీ చేయకూడదు. పిండం వచ్చే వేళవుతుంది.

ఆక్సిటోసిన్ సరిపోనప్పుడు కొందరు డాక్టర్లు క్లోప్రోస్టినాల్ అనే ప్రోస్టాగ్లాండిన్ రకం మందు వాడతారు. దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది. అండం విడుదలయ్యాక మాత్రం ఇవ్వకూడదు, చూలును నిలబెట్టే హార్మోన్ తగ్గిపోతుంది. ఈ సీసాను గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. చర్మం గుండా ఒంట్లోకి పోతుంది.

థరోబ్రెడ్ (రేసు గుర్రాల జాతి) పిల్లను స్టడ్‌బుక్‌లో, అంటే జాతి రికార్డులో ఎక్కించాలంటే సహజంగా దాటించింది మాత్రమే చెల్లుతుంది. మిగతా జాతులకు కృత్రిమ గర్భధారణ దొరికితే, ద్రవం నిలిచే గుర్రానికి లోపలికి పోయే మురికి తగ్గుతుంది.

9. కుట్టు

మూడో దశలో తలుపు తెరిచి ఉన్న గుర్రాలకు, అండం విడుదలైందని తేలాక మానం పైభాగాన్ని కటి ఎముక మట్టం దాకా కుట్టేస్తారు. దీన్ని కాస్లిక్ ఆపరేషన్ అంటారు. మత్తు సూది వేసి, పెదవుల అంచున సన్నటి చర్మం తీసి కలిపి కుడతారు, పది పన్నెండు రోజుల్లో అతుక్కుంటుంది. మూత్రానికి కింద చోటు ఉండాలి.

చేసిన రోజే ఇంకో తేదీ గోడ మీద పెద్దక్షరాలతో రాయండి. గుర్రం చూలు సగటున 340 రోజులు. దానికి మూడు వారాల ముందు ఆ కుట్టు విప్పించాలి. మరిచిపోతే ఈనేటప్పుడు చీలిపోతుంది, పిల్ల ప్రాణం మీదికీ రావచ్చు.

10. చూలు పరీక్ష తేదీలు

- 14–16 రోజులు: చూలు ఉందా, కవలలా? గుర్రానికి కవలలు శుభవార్త కాదు, చాలావరకు రెండూ పోతాయి. 16వ రోజు లోపు డాక్టర్ ఒకదాన్ని నలిపి రెండోదాన్ని కాపాడగలరు. ద్రవం ఉందేమో కూడా చూడాలి.
- 25–30 రోజులు: గుండె కొట్టుకోవడం కనిపించాలి.
- 40–45, 60 రోజులు: నిలిచిందో లేదో.

35 రోజుల తర్వాత గర్భసంచి గోడలో హార్మోన్ తయారుచేసే గిన్నెల్లాంటి భాగాలు ఏర్పడతాయి. ఆ తర్వాత చూలు పోతే, అవి కరిగేదాకా గుర్రం సరిగా ఎదకు రాదు, సీజన్ పోయినట్టే. ఏదైనా తేడా ఉంటే 30వ రోజు లోపే తెలియాలి అనేది అందుకే.

రెండు సీజన్లు పైన చెప్పినవన్నీ సరిగా చేశాక కూడా నిలవక, బయాప్సీ గ్రేడు 3 వస్తే ఆపేయమనే చెబుతాను. మేలుజాతి మార్వాడీ అయితే పిండమార్పిడి గురించి అడగొచ్చు. హిసార్ కేంద్రానికి చెందిన బికనేర్ క్యాంపస్‌లో మార్వాడీ గుర్రాల్లో ఇది జరిగింది. మిగతావాటిని స్వారీకో బండికో ఉంచుకోండి, ఆ పనికి గర్భసంచితో సంబంధం లేదు.

11. ఈనిన రోజు నుంచి

వచ్చే ఏడాది వాపు చాలాసార్లు ఈ ఏడాది ఈతలోనే మొదలవుతుంది.

గేదె మావికి ఒక పూట ఆగినట్టు గుర్రానికి ఆగకూడదు. 3 గంటల్లో మావి పడకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే. విషం రక్తంలోకి ఎక్కితే జ్వరం, ఆ వెంటనే గిట్టల వాపు. చూలు మాట అటుంచి గుర్రమే దక్కదు.

- వేలాడుతున్న మావిని తొక్కకుండా మడిచి మోకాలి పైకి కట్టండి
- లాగొద్దు, ఇటుక కట్టొద్దు
- పడిన మావిని కుక్కల పాలు కాకుండా బకెట్‌లో దాచండి. నేల మీద పరిస్తే రెండు కొమ్ములతో కనిపించాలి. పిల్ల పెరగని చిన్న కొమ్ము కొనే ఎక్కువగా లోపల తెగి ఉండిపోతుంది, ఆ కొన ఉందో లేదో చూడండి
- మూడు రోజులు రెండు పూటలా జ్వరం చూడండి. 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే, కంపు స్రావం వస్తే, గిట్టలు వేడిగా తగిలితే ఆగొద్దు

ఈనిన 5–12 రోజుల మధ్య వచ్చే ఎదలో దాటించాలని తొందర పడతారు. ఈత సులువుగా జరిగి, మావి వేళకు పడి, స్కానింగ్‌లో ద్రవం లేకుండా, అండం పదో రోజు తర్వాత విడుదలయ్యేలా ఉంటేనే దాటించండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఎద వదిలేసి, తర్వాత ప్రోస్టాగ్లాండిన్‌తో వచ్చే ఎదను ముందుకు తెచ్చుకోవచ్చు. పోయేది రెండు వారాలే.